మసి పట్టడం

నిప్పు తన వెనక వదిలే వాటికి తెలుగులో విడివిడిగా పేర్లున్నాయి. కట్టె లోపలిదాకా కాలకుండా నల్లగా, గట్టిగా మిగిలితే బొగ్గు. పూర్తిగా కాలాక మిగిలే పొడి బూడిద. అదే బూడిద ఆరని నిప్పు మీద పలచగా పరుచుకుంటే నివురు. మసిని కూడా మనం అలవాటుగా ఈ వరసలోనే కూర్చోబెడతాం. పొయ్యి మీద కూర మరిచిపోతే మాడి మసైపోయిందంటాం. దుకాణం అంటుకుంటే కాలి మసైపోయిందని పత్రికలు రాస్తాయి. ఈ వాడుకలో మసి అంటే కాలడంలో ఆఖరి మెట్టు. వస్తువు తన రూపం, రంగు, పేరు అన్నీ పోగొట్టుకున్నాక మిగిలే శేషం.

ఇదే మాటకు ఇంకో క్రియ కూడా ఉంది. గిన్నె అడుగున మసి పట్టింది. లాంతరు గ్లాసుకు మసి పట్టింది. వంటింటి దూలాలకు మసి పట్టింది. ఇక్కడ ఏదీ మసిగా మారలేదు. గిన్నె గిన్నెగానే, గాజు గాజుగానే ఉన్నాయి. మసి ఎక్కడినుంచో వచ్చి వాటి మీద చేరిందన్నమాట. తెలుగులో ఇలా 'పట్టేవి' ఇంకేమున్నాయో చూడండి: ఇనుముకు తుప్పు పడుతుంది, రాగికి చిలుము పడుతుంది, ఊరగాయకు బూజు పడుతుంది, బావి మెట్లకు నాచు పడుతుంది, పళ్లకు పాచి పడుతుంది, తలుపుకు చెద పడుతుంది. ఈ జాబితాలో మిగులు అనదగ్గది ఒక్కటీ లేదు. అన్నీ ఒకచోట మొదలై పెరిగేవే. బొగ్గు పట్టింది అని ఎవరూ అనరు, బూడిద పట్టింది అనడం కూడా అరుదు. మసిని మాత్రం భాష తుప్పు, బూజు, నాచుల పక్కన పెట్టింది.

ఈ క్రియ ఎంత గట్టిదో మోటారు సైకిల్ మెకానిక్ షెడ్డులో తెలుస్తుంది. కార్బురేటర్ ఉన్న పాత బండిలో పెట్రోలు పాలు ఎక్కువై గాలి పాలు తగ్గితే స్పార్క్ ప్లగ్గు మొన నల్లబడుతుంది. మెకానిక్ దాన్ని విప్పి చూసి, మిక్చర్ రిచ్ అయింది, ప్లగ్గుకు కార్బన్ పట్టింది అంటాడు. మసి అన్న నామవాచకం పోయి దాని చోట కార్బన్ వచ్చింది. పట్టడం పోలేదు.

మాడి మసైపోవడం, మసి పట్టడం. ఒక వాడుక మసిని చివర పెడుతుంది, రెండోది పుట్టుకలో పెడుతుంది. మంటల శాస్త్రం గత రెండు వందల ఏళ్లుగా తేల్చిన విషయాలన్నీ రెండోదాన్నే సమర్థిస్తున్నాయి. మసి కాలగా మిగిలింది కాదు, మంటలోనే కొత్తగా తయారైన పదార్థం. నూనెలో మసి లేదు, వత్తిలో లేదు, గాలిలోనూ లేదు. వెలిగించాకే అది ఉనికిలోకి వస్తుంది.

ప్రమిదలో దీపాన్నే తీసుకుందాం. మండుతున్నది నూనె కాదు, నూనె ఆవిరి. వత్తి పట్టుకుని పైకి పాకిన నూనె వేడికి ఆవిరై జ్వాల నడుమకు చేరుతుంది. బయటినుంచి గాలి వస్తుంది. రెండూ కలిసేచోట, జ్వాల అంచున, పలచని పొరలో దహనం జరుగుతుంది. ఆ పొర లోపలి భాగానికి ప్రాణవాయువు దాదాపు చేరదు. అక్కడ ఇంధనం పుష్కలం, గాలి కరువు, వేడి విపరీతం. అంటే చూడటానికి ఎంత ప్రశాంతంగా వెలిగే దీపమైనా, దాని కడుపులో ఎప్పుడూ ఇంధనం మితిమీరిన మంటే ఉంటుంది.

మైకేల్ ఫారడే లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో పిల్లల కోసం 1848లోనూ, మళ్లీ 1860-61లోనూ కొవ్వొత్తి మీద వరస ఉపన్యాసాలిచ్చాడు. వంగిన గాజు గొట్టం కొసను జ్వాల మధ్యనున్న నల్లని భాగంలో పెడితే రెండో కొసనుంచి తెల్లని ఆవిరి వచ్చింది. దాన్ని మళ్లీ వెలిగించవచ్చు. గొట్టాన్ని కొంచెం పైకి జరిపి, ప్రకాశంగా ఉన్న భాగంలో పెడితే నల్లని పొగ వచ్చింది. జ్వాలలో అన్నిటికంటే వెలుగున్న చోట పెడితే అన్నిటికంటే నల్లనిది బయటికి రావడమే ఆ ప్రయోగంలోని విశేషం. అంతకు నలభై ఏళ్ల ముందు, గని కార్మికుల రక్షణ దీపం మీద పనిచేస్తూ హంఫ్రీ డేవీ ఈ మాటే చెప్పాడు. మంటకు పసుపు వెలుగునిచ్చేది దానిలో పుట్టి ఎర్రగా కాగే ఘన కార్బన్ రేణువులే.

కాబట్టి దీపం వెలుగంటే మసి వెలుగే. దేవుడి గదిలో వెలిగే వత్తి అయినా, చదువుకునే పిల్లవాడి ముందున్న కిరసనాయిలు బుడ్డి అయినా వెలుగునిచ్చింది మసే. దీనికి కారణాన్ని 1859-60లో భౌతికశాస్త్రవేత్త కిర్కాఫ్ సూత్రంగా చెప్పాడు: వెలుగును ఎక్కువగా పీల్చుకునే వస్తువు, కాగినప్పుడు ఎక్కువగా వెలుగును విడిచిపెడుతుంది. చల్లగా ఉన్న మసి తన మీద పడ్డ అన్ని రంగులనూ మింగేస్తుంది, అందుకే నలుపు. అదే మసి జ్వాలలో వెయ్యి డిగ్రీలు దాటి కాగినప్పుడు అన్ని రంగులనూ విడుస్తుంది. ఆ వేడిలో మన కంటికి ఆ కలయిక పసుపుగా అందుతుంది. మసి నల్లగా ఉండటానికీ, దీపం వెలగడానికీ కారణం ఒకటే. అమరకోశం అగ్నికి చెప్పిన పేర్లలో కృష్ణవర్త్మ ఒకటి, నల్లని దారి కలవాడని అర్థం. నిప్పు నడిచిపోయాక కనబడే దారిని చూసి పెట్టిన పేరది. ఆ నలుపు నడిచినంతసేపూ వెలుగుతూనే ఉందని ఇప్పుడు మనకు తెలుసు.

ఇక పుట్టుక సంగతి. ఇక్కడ కాస్త నిలబడాలి, ఎందుకంటే అసలు అద్భుతం ఇక్కడే ఉంది. నూనె అణువులు పెద్దవి. జ్వాల లోపలి వేడికి అవి ముక్కలవుతాయి. ఆ ముక్కల్లో ముఖ్యమైనది ఎసిటిలీన్, రెండు కార్బన్ పరమాణువుల చిన్న అణువు. వెల్డింగ్ షాపులో వాడే వాయువు అదే. విరగడం ఇక్కడితో ఆగి కట్టడం మొదలవుతుంది. చిన్న ముక్కలు కలిసి ఆరు కార్బన్ల బెంజీన్ వలయం ఏర్పడుతుంది. ఆ వలయం అంచునుంచి ఒక హైడ్రోజన్ ఊడితే ఆ ఖాళీలో ఎసిటిలీన్ వచ్చి తగులుకుంటుంది. మరో హైడ్రోజన్ ఊడుతుంది, మరో ఎసిటిలీన్ తగులుకుంటుంది. వలయం పక్కన వలయం లేస్తుంది. రెండు వలయాల నాఫ్తలీన్, అంటే మన బట్టల పెట్టెల్లో వేసిన కలరా ఉండల పదార్థం, ఈ దారిలోనే వస్తుంది. నాలుగు వలయాలు, పదహారు కార్బన్ల పైరీన్ కూడా ఈ దారిలోదే. శాస్త్రవేత్త మైకేల్ ఫ్రెంక్లాక్ వివరించిన ఈ ఎక్కుడు మెట్ల క్రమాన్నే దహన శాస్త్రజ్ఞులు ఇప్పటికీ తమ లెక్కలకు పునాదిగా వాడుతున్నారు. ఆ పైన వాయువునుంచి మొదటి ఘన రేణువు ఎలా విడివడుతుందన్నది మాత్రం ఇంకా వాదోపవాదాల్లోనే ఉంది.

రేణువు ఒకసారి పుట్టిందంటే దాని ఒంటి మీద కూడా ఎసిటిలీన్ చేరుతూనే ఉంటుంది. ముప్పై నానోమీటర్ల గోళం కావడానికి దానికి పట్టే కాలం కొన్ని మిల్లీసెకన్లు. తల వెంట్రుక మందంలో అలాంటివి రెండువేలకు పైగా వరసగా పడతాయి. అంత చిన్న గోళంలోనే పది లక్షలకు మించి కార్బన్ పరమాణువులుంటాయి. రెండు పరమాణువుల ముక్కతో మొదలై, కన్ను మూసి తెరిచే వ్యవధిలో చిన్న వంతు గడిచేసరికి, పది లక్షల పరమాణువుల కట్టడం నిలబడుతుంది. ఈ గోళాలు ఒకదానికొకటి తగిలి అతుక్కుని, పూసలు గుచ్చినట్టు కొమ్మలు కొమ్మలుగా సాగుతాయి. గ్లాసు మీద వేలు పెట్టి గీస్తే అంటుకునేది ఈ పూసల గొలుసులే. దీన్ని శేషం అనడానికి నాకు మనసొప్పదు.

శేషం అనే లెక్కకు ఇంకో దెబ్బ కూడా ఉంది. ప్రాణవాయువు చాలకపోవడం వల్ల మసి మిగులుతుందని బళ్లో చెప్పుకుంటాం. ఎంత చాలకపోతే? కార్బన్ పరమాణువులూ ఆక్సిజన్ పరమాణువులూ సరిసమానంగా ఉంటే, నిలకడ చెందిన రసాయన లెక్క ప్రకారం కార్బన్ అంతా కార్బన్ మోనాక్సైడ్‌గా వెళ్లిపోవాలి, మసి పుట్టకూడదు. కానీ ముందే గాలితో కలిపి మండించిన జ్వాలల్లో కొలిచి చూస్తే, ఒక్కో కార్బన్‌కు దగ్గర దగ్గర రెండు ఆక్సిజన్లు ఉన్నప్పుడే మసి మొదలవుతోంది. లెక్కకు సరిపడా ఆక్సిజన్ ఉంది, అయినా మసి వస్తోంది. హైడ్రోజన్ తన వాటా ఆక్సిజన్ తాను లాక్కుంటుంది, పైగా వలయాలు కట్టే వేగం ముందు వాటిని కాల్చే వేగం వెనకబడుతుంది. మసి పుట్టుక పందెంలో గెలుపు లాంటిదే తప్ప పంపకంలో మిగులు కాదు.

ఆ పందెం ఎక్కడ ఎటు తిరుగుతుందో నిర్ణయించేది జ్వాల కదలిక. ఈ కదలికను పాఠ్యపుస్తకాలు అస్థిరత్వం అంటాయి. ఇళ్లలో మనకున్న మాట నిలకడ లేకపోవడం. దీపం నిలకడగా వెలుగుతోంది, నిలకడ లేకుండా రెపరెపలాడుతోంది. రెపరెప అన్నది జెండాకూ, దీపానికీ, కనురెప్పకూ సరిపోయే మాట. గాలివాటుకు అంచు ఊగడం అందులో వినబడుతుంది. గాలి వీచకపోయినా జ్వాల తనంతట తాను రెపరెపలాడగలదు. మంటలోంచి లేచే వేడి వాయువు పైకి పరిగెత్తుతుంటే చుట్టూ ఉన్న చల్లగాలి దాన్ని ఒరుసుకుంటుంది. ఆ ఒరిపిడిలో సుడుల వలయాలు పుట్టి జ్వాల చుట్టూ పైకి జారుతాయి. ఒక్కో వలయం వెళ్లేటప్పుడు జ్వాల నడుమును నొక్కుతుంది, కొస ఉబ్బుతుంది, ఒక్కోసారి తెగి విడిపోతుంది. చిన్న మంటల్లో ఇది సెకనుకు పది పన్నెండు సార్లు జరుగుతుంది. మంట అడుగు వెడల్పు పెరిగేకొద్దీ నెమ్మదిస్తుంది. మీటరు వెడల్పున నూనె మండుతుంటే సెకనుకు ఒకటిన్నర సార్లు ఊగుతుంది. ఒంటి కొవ్వొత్తి నిలకడగా ఉండగలదు. మూడు నాలుగు ఒకచోట కట్టి వెలిగిస్తే కలిసి కొట్టుకోవడం మొదలుపెడతాయి.

ఈ ఊగిసలాటకు మసితో సూటి సంబంధం ఉంది. మీథేన్ వాయువుకు స్వతహాగా మసి తక్కువ. దాని జ్వాలను నిలకడగా ఉంచి ఒకసారి, కావాలని ఊగనిచ్చి ఒకసారి మసిని కొలిచిన ప్రయోగాలు 1990లలో అమెరికాలో జరిగాయి. ఊగే జ్వాలలో, మసి అత్యధికంగా ఉన్న చోట, దాని పాలు నాలుగైదు రెట్లు పెరిగింది. ఇంధనం మారలేదు, గాలి తగ్గలేదు. ఉబ్బిన జ్వాల కొసలో రేణువులకు పెరగడానికి ఎక్కువ సమయం దొరికింది, అంతే. దీనికి ఎదురు ఉదాహరణ ఆకాశంలో ఉంది. 1992లో కొలంబియా అంతరిక్ష నౌకలో కొవ్వొత్తి వెలిగించి చూశారు. అక్కడ బరువు లేదు, వేడి గాలి పైకి లేవదు. కాబట్టి జ్వాల సాగలేదు, గోళం సగంలా వత్తి చుట్టూ కూర్చుంది. మొదటి కొద్ది సెకన్ల పసుపు పోయాక నీలంగా వెలిగింది.

ఊగడం కాక జ్వాల విడిపోవడం మరో రకం నిలకడలేమి. లీడ్స్‌లో రసాయనశాస్త్రం చెప్పిన ఆర్థర్ స్మిథెల్స్, తన సహాయకుడు ఇంగిల్‌తో కలిసి 1892లో బన్సెన్ బర్నర్ మీద ఒక వింత గమనించాడు. ఇంధనం ఎక్కువైన కొన్ని మిశ్రమాల్లో నున్నని శంకువులా ఉండాల్సిన జ్వాల రేకులు రేకులుగా విడిపోయింది. రేకుకీ రేకుకీ మధ్య, కింది నుంచి కొస దాకా, నల్లని గీత. వెలుగుతున్న పువ్వులాంటి ఈ జ్వాల కొన్నిసార్లు తన చుట్టూ తాను తిరుగుతుంది కూడా.

దీని వెనకున్న కారణం అందమైనది. మంట ముందు వాయువు దట్టంగా, వెనక వేడికి వ్యాకోచించి పలచగా ఉంటుంది. ఆ ఒక్క కారణం చాలు, ఏ జ్వాలతలమైనా ముడతలు పడే స్వభావంతోనే పుడుతుందని 1938లో జార్జ్ డారియస్, 1944లో లెవ్ లాండౌ విడివిడిగా చూపించారు. దాని మీద రెండో కారణం వచ్చి చేరుతుంది. ఇంధనం ప్రొపేన్ అనుకుంటే, దాని అణువు బరువైనది, ఆక్సిజన్ తేలిక. తేలికది చురుగ్గా వ్యాపిస్తుంది. ప్రొపేన్ ఎక్కువైన మిశ్రమంలో కొరత ఆక్సిజన్‌కే. జ్వాలలో ఎక్కడైనా ఒక చోట కాస్త ముందుకు పొడుచుకొస్తే అక్కడికి ఆక్సిజన్ నలువైపులనుంచీ చేరుతుంది, మంట ఇంకా చురుకవుతుంది, ఇంకా ముందుకొస్తుంది. వెనకబడ్డ చోటునుంచి ఉన్న కాస్తా జారిపోతుంది. ముందున్నది రేకు, వెనకబడ్డది గీత. మీథేన్ ఆక్సిజన్ కంటే తేలిక కాబట్టి దానిలో ఈ కథ తిరగబడి, ఇంధనం తక్కువైన మిశ్రమంలో కనబడుతుంది. ప్రొపేన్ జ్వాలలో ఆ నల్లని గీతల వెంబడే, ఆక్సిజన్ జారిపోయిన చోట్లనుంచే, పసుపు చారలు పైకి లేస్తాయి. అవి మసి చారలు. మొత్తం మిశ్రమం మసి కట్టే హద్దుకు ఇంకా చేరకపోయినా, గీతలో మాత్రం హద్దు దాటిపోయి ఉంటుంది. జ్వాల కొస కూడా అలాంటి చోటే. అందుకే కొస తెరుచుకుని దానిలోంచి పసుపు తోక వస్తుంది.

ముండకోపనిషత్తు అగ్నికి ఏడు నాలుకలు చెప్పి ఒక్కోదానికి పేరు పెట్టింది. వాటిలో కాళి ఉంది, సుధూమ్రవర్ణ ఉంది, స్ఫులింగిని ఉంది. నల్లనిది, దట్టమైన పొగరంగుది, నిప్పురవ్వలది. మంటను ఒక్క ముద్దగా చూడకుండా, దానిలో ఏ నాలుక ఏ రంగో విడదీసి చూసిన కళ్లవి. స్మిథెల్స్‌దీ ఆ చూపే.

పుట్టిన మసి అంతా పొగగా బయటికి రాదు. జ్వాల పై భాగంలో తిరిగి కాలిపోతుంది. బాగా వెలిగే దీపానికి పొగ ఉండకపోవడానికి కారణం మసి పుట్టకపోవడం కాదు, పుట్టినదంతా కొస చేరేలోపే కాలిపోవడం. వత్తి పెంచితే జ్వాల పొడుగవుతుంది, మసి ఎక్కువ పుడుతుంది, ఎక్కువ వెలుగుతుంది. వెలిగేకొద్దీ వేడిని పోగొట్టుకుంటుంది. కొస దగ్గర వేడి సుమారు వెయ్యి డిగ్రీల సెల్సియస్‌కు పడిపోతే ఇక కాలలేక పొగై వెళ్లిపోతుంది. వత్తి తగ్గించు, దీపం పొగలు చిమ్ముతోంది అని పెద్దవాళ్లు చెప్పింది ఈ హద్దు గురించే. ఈ హద్దే నేడు ఇంధన పరీక్ష. చిన్న వత్తి దీపంలో ఇంధనం పోసి, పొగ రాకుండా జ్వాల ఎన్ని మిల్లీమీటర్ల ఎత్తు దాకా నిలవగలదో కొలుస్తారు. దాన్ని స్మోక్ పాయింట్ అంటారు. విమాన ఇంధనానికి అది 25 మిల్లీమీటర్లు ఉండాలి. నాఫ్తలీన్లు బాగా తక్కువగా ఉన్నాయని తేలితే 18 దగ్గర కూడా ఒప్పుకుంటారు. నాఫ్తలీన్లకు ప్రత్యేకంగా లెక్కెందుకంటే, అవి ముందే కట్టిన వలయాలు. మసికి సగం పని చేసిపెట్టి ఉంటాయి.

ఇక మసిని కావాలని పట్టే పద్ధతి, కాటుక. ప్రమిదలో ఆముదం పోసి, వత్తి వెలిగించి, పైన ఇత్తడి పళ్లెం బోర్లిస్తారు. పళ్లేన్ని జ్వాల వెలుగు భాగానికి తగిలేట్టు పెడతారు, మసి కాలిపోయే కొసకు పైన కాదు. చల్లని పళ్లెం మసి కాలిపోకుండా ఆపుతుంది, తన వైపు లాక్కుంటుంది కూడా. వేడి వైపునుంచి వచ్చే వాయు అణువులు రేణువును గట్టిగా తంతాయి, చల్లని వైపువి మెల్లగా. అందువల్ల రేణువు చల్లని వైపుకు జరుగుతుంది. శాస్త్రంలో దీని పేరు థెర్మోఫొరెసిస్. దూలాలకూ, లాంతరు గ్లాసుకూ మసి పట్టడంలో ఉన్నది ఈ శక్తే. 1987లో బ్రౌన్ విశ్వవిద్యాలయంలో డాబిన్స్, మెగరిడిస్ అనే ఇద్దరు జ్వాలలోకి చల్లని చిన్న జాలీని క్షణంలో చిన్న వంతు కాలం దూర్చి లాగి, దాని మీద పట్టిన మసిని ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో చూశారు. మసి వయసును బట్టి దాని రూపం ఎలా మారుతుందో చెప్పిన పద్ధతి అది. పసిబిడ్డకు కాటుక పట్టే తల్లి పళ్లెమూ, వాళ్ల జాలీ ఒకే సూత్రం మీద పనిచేస్తాయి.

మాట పుట్టుక గురించి కొంత. సంస్కృతంలో మసి, మషి, మశి అని ఒకే మాట మూడు రూపాల్లో కనబడుతుంది. సిరా అనే అర్థం అక్కడ బలమైనది. ఇరుగుపొరుగు భాషల్లో మలయాళానికి మషి అంటే సిరాయే, కంటికి పెట్టే కాటుక కణ్మషి. కన్నడంలో మసి రెండర్థాలనూ మోస్తుంది. తమిళంలో మై అన్న చిన్న మాట సిరాకూ కాటుకకూ సరిపోతుంది. తెలుగు మాత్రం పని పంచుకుంది: రాసేది సిరా, కంటిది కాటుక, గిన్నెది మసి. స-ష-శల మధ్య ఇలా నిలకడ లేకుండా తిరిగే సంస్కృత మాటను చూస్తే, అది దక్షిణాదినుంచి అక్కడికి వెళ్లిందేమోనని నాకు అనిపిస్తుంది. తెలుగులో మసక, మసకబారడం, మాయడం, మాసిన బట్ట, మాపటి వేళ అన్నవన్నీ వెలుగు తగ్గడం చుట్టూ తిరిగే మాటలే. మసి వాటి మధ్య పరాయిదానిలా లేదు.

పని పంచుకున్నా, తెలుగు రాతకూ మసికీ సంబంధం తెగలేదు. తాటాకు మీద గంటంతో రాస్తే పడేది రంగులేని గీత, చదవడానికి కంటికి ఆనదు. మసిని నూనెలో కలిపి ఆకంతా పూసి తుడిచేస్తే, పైది పోయి గీతల్లోది నిలబడి అక్షరం లేస్తుంది. తంజావూరు సరస్వతీ మహల్‌లోని తెలుగు తాళపత్రాలు ఇవాళ మన కళ్లకు కనబడుతున్నాయంటే ఈ మసి పూత వల్లనే. గీతలు వెలిసిపోయిన ఆకులకు సంరక్షకులు నేటికీ మళ్లీ నల్లని కార్బన్ పూతే వేస్తారు. కార్బన్ వలయాల పొరలు గాలికీ వెలుతురుకూ లొంగవు, ఆకును తినెయ్యవు. మసి పూసి మారేడుకాయ చేయడమంటే మోసమని మన సామెత. తాటాకు మీద మసి పూయడం మాత్రం కనబడనిదాన్ని కనబడేట్టు చేసింది. ఆ రుణాన్ని మన నుడికారం ఎక్కడా గుర్తుపెట్టుకోకపోవడం నాకు లోటుగానే తోస్తుంది.

మసి మంచిదని చెప్పడం నా ఉద్దేశం కాదు. వలయాలు కట్టే ఆ దారిలో పుట్టే అణువుల్లో కొన్ని మన కణాలను పాడుచేస్తాయి. 1775లో లండన్ వైద్యుడు పెర్సివల్ పాట్, పొగగొట్టాలు శుభ్రం చేసే కుర్రాళ్లు పెద్దయ్యాక వాళ్లకు వృషణాల తిత్తి చర్మం మీద వచ్చే క్యాన్సర్‌కు కారణం మసేనని రాశాడు. చేసే పని వల్ల క్యాన్సర్ వస్తుందని గుర్తించిన మొదటి సందర్భం అది. చిన్న వయసులోనే సన్నని గొట్టాల్లోకి దూర్చబడ్డ పిల్లలు వాళ్లు. మన దగ్గర ఆ బరువు మోసింది వంటింటి ఆడవాళ్లు. కట్టెల పొయ్యి దగ్గర కూర్చుని ఊదుగొట్టంతో ఊదే ప్రతిసారీ మంట నిలకడ చెడుతుంది, దగ్గు వస్తుంది, కళ్లు మండుతాయి. దూలానికి పట్టినదే ఊపిరితిత్తులకూ పట్టింది. ఆ దూలాన్ని చూసినవాళ్లకు దీన్ని వివరించనక్కరలేదు.

1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పొదుపు సంఘాల మహిళలకు వంటగ్యాస్ కనెక్షన్లు ఇచ్చే పథకానికి దీపం అని పేరు పెట్టింది. 2016లో కేంద్రం ఇదే పనికి ఉజ్వల పథకం తెచ్చింది. గ్యాస్ పొయ్యి మంటలో వెలుగు చాలా తక్కువ. గ్యాసు బర్నర్ చేరకముందే గాలితో కలుస్తుంది కాబట్టి ఇంధనం మితిమీరిన కడుపు చాలావరకు ఉండదు, వలయాలు కట్టే సమయం దొరకదు. ఆ నీలం రంగు మసి రేణువులది కాదు, విరిగిన అణుముక్కలది. బర్నర్ కన్నాలు మూసుకుపోయి గాలి తగ్గితే కొసలు పసుపెక్కుతాయి, గిన్నెకు మళ్లీ మసి పడుతుంది. అడుగు నల్లబడ్డ గిన్నెను చూసి బర్నర్ శుభ్రం చేయించుకోవాలని ఇప్పుడు వంట చేసే ప్రతివాళ్లకూ తెలుసు.

పత్రికల్లో ఈ మధ్య మసికి బ్లాక్ కార్బన్ అనే మాట తరచుగా కనబడుతోంది. 1999లో హిందూ మహాసముద్రం మీద శాస్త్రవేత్త వి. రామనాథన్ తదితరులు జరిపిన ఇండోఎక్స్ పరిశీలనల్లో, దక్షిణాసియానుంచి సముద్రం మీదికి పరుచుకున్న గోధుమరంగు పొగతెర బయటపడింది. దానిలో సూర్యరశ్మిని మింగే భాగం ఈ బ్లాక్ కార్బనే. పొయ్యిలు, డీజిల్ ఇంజన్లు, ఇటుక బట్టీలు, పొలాల్లో తగలబెట్టే గడ్డి దాన్ని పుట్టిస్తాయి. హిమాలయాల మంచు మీద వాలితే తెల్లదనం తగ్గి, మంచు ఎండను ఎక్కువ పీల్చుకుని త్వరగా కరుగుతుంది. గాలిలో అది ఉండేది కొన్ని రోజులో, ఒకటి రెండు వారాలో. కార్బన్ డయాక్సైడ్‌లా శతాబ్దాల తరబడి నిలవదు. అంటే పుట్టించడం ఆపితే గాలి త్వరలోనే తేటపడుతుంది. ఈ వార్త రాసేటప్పుడు 'హిమాలయాలపై బ్లాక్ కార్బన్ ప్రభావం' అని కాక, 'హిమాలయాల మంచుకు మసి పట్టింది' అని రాయవచ్చు. ఎక్కడో పుట్టి, గాలిలో వచ్చి, చల్లని చోట చేరి, అక్కడే పెరుగుతున్నదన్న సంగతంతా ఆ ఒక్క క్రియలో ఉంది. చదివేవాళ్లకు తమ వంటింటి దూలం వెంటనే తడుతుంది, ఆ మసి ఎవరి పొయ్యినుంచి వచ్చిందో అడగాలనీ తోస్తుంది.